మెడ చూడకుండా రాసిన ఒక్క వాక్యం

నేను గుండె డాక్టర్ని. ఈ కేసులో మొదటి తప్పు నాది కాదు. రెండోది నాదే. పేషెంట్‌ను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. మేం ఎక్కడ ఏ నిర్ణయం తీసుకున్నాం, ఎందుకు తీసుకున్నాం అన్నది మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నేపథ్యం

నలభైకి దగ్గరపడుతున్న మనిషి, తాపీ పని చేస్తాడు. మూడేళ్ల కింద పొట్ట ఉబ్బడం మొదలైంది. గ్యాస్ అనుకుని కొన్నాళ్లు మందుల షాపు మాత్రలతో నెట్టుకొచ్చాడు. చొక్కా గుండీలు పట్టకపోయేసరికి స్కానింగ్ తీయించుకున్నాడు. లివర్ పెద్దదైంది, పొట్టలో నీళ్లున్నాయి అని తేలింది. తాగుతావా అని అడిగారు. పని దిగాక కల్లు, పండక్కీ పబ్బానికీ మందు అని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ రోజు ఫైల్ మీద ఒక మాట పడింది: 'ఆల్కహాలిక్ లివర్ డిసీజ్'. తర్వాత అతను మూడు ఆస్పత్రులు మారాడు గానీ ఆ మాట మారలేదు.

భయపడి తాగుడు అప్పుడే మానేశాడు. "మూడేండ్లాయె సార్, ముట్టుకోక" అని భార్య ప్రతి చోటా చెప్పేది. ఆ మాట కాగితం మీదికి ఎలా ఎక్కిందో చూడండి: 'మానేశానని చెబుతున్నాడు'. ఆ 'చెబుతున్నాడు'లోనే అనుమానం ఉంది. మందు మానేసి, స్పైరనోలాక్టోన్, ఫ్యూరోసెమైడ్ (నీళ్లు మూత్రంలో పోయేలా చేసే మాత్రలు) వేసుకుంటూ, ఉప్పు తగ్గించినా నీళ్లు తగ్గలేదు. రెండు మూడు వారాలకోసారి సూదితో నాలుగైదు లీటర్లు తీయించుకునే స్థితికి వచ్చాడు. హెపటైటిస్ బీ, సీ రెండూ నెగటివ్. ఎండోస్కోపీలో అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు లేవు. సిర్రోసిస్‌తో (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) మూడేళ్లుగా పొట్టలో నీళ్లు పడుతున్న మనిషికి అవి లేకపోవడం దగ్గర ఎవరైనా ఒక్క నిమిషం ఆగాల్సింది. ఆగలేదు. పైగా 'ముందుజాగ్రత్తగా' ప్రొప్రనలాల్ (గుండె వేగాన్ని తగ్గించే మాత్ర) మొదలుపెట్టారు.

నేను మొదటిసారి చూసినప్పుడు

మెడికల్ వార్డు నుంచి ఒక చీటీ వచ్చింది: 'పొట్టలో నీళ్లు, గుండె కారణం ఉందా చూడగలరు'. అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మా జూనియర్ ఎకో (గుండె స్కాన్) చేశాడు. ఎడమ జఠరిక పంపింగ్ 60 శాతం, కవాటాలు బాగున్నాయి, ఐవీసీ (కింది శరీరం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర) వెడల్పుగా ఉంది. ఆ రోజు ఓపీలో తొంభై మంది దాకా ఉన్నారు. స్ట్రెచర్ మీద పడుకుని ఉన్న అతన్ని చూశాను, స్టెత్ పెట్టాను, చీటీ వెనక రాశాను: 'గుండె వైపు ఇబ్బంది లేదు'.

నా ఆలోచన ఇది: పంపింగ్ బాగుంది కాబట్టి హార్ట్ ఫెయిల్యూర్ కాదు, ఐవీసీ ఉబ్బిందంటే నీళ్లు ఎక్కువై ఉంటాయి. పంపింగ్ అంటే గుండె ముడుచుకునే బలం. గుండె నిండటానికి చోటుందా అన్నది వేరే ప్రశ్న. ఈ తేడా విద్యార్థులకు నేనే ఏటా పాఠం చెబుతాను.

నా వాక్యం అతని ఫైల్‌లో రెండో ముద్ర అయింది. 'కార్డియాలజీ వాళ్లు చూశారు, గుండె కాదట' అనే మాట తర్వాతి ఎనిమిది నెలలు నడిచింది.

రెండోసారి

ఈసారి నీరసం, నాలుగడుగులు వేస్తే కళ్లు తిరగడంతో చేరాడు. నాడి 58, బీపీ 86/64. చేతులు, భుజాలు కండ కరిగి పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం కుండలా ఉంది. వేరే పేషెంట్ కోసం ఆ వార్డుకు వెళ్లాను. పక్క మంచం మీద ఇతను నిటారుగా కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. నా వెంట ఉన్న పీజీ అమ్మాయి చిన్నగా అంది: "సార్, ఆయన చెవితమ్మె కదులుతోంది."

నిజంగానే కదులుతోంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చెవితమ్మె సన్నగా అదురుతోంది. మెడ మీద చూస్తే సిర నిండుగా ఉంది, ప్రతి స్పందనలో ఒకసారి చటుక్కున లోపలికి కుంగి మళ్లీ లేస్తోంది.

మెడలోని ఈ సిరను (జుగులర్) చూడాలంటే పేషెంట్‌ను నలభై ఐదు డిగ్రీల్లో ఆనించి పడుకోబెట్టాలని చదువుకుంటాం. ఒత్తిడి మరీ ఎక్కువగా ఉంటే ఆ భంగిమలో రక్తం పైమట్టం దవడ దాటి తలలోకి వెళ్లిపోతుంది. సిర మొత్తం నిండి ఉండటంతో కదలిక కనిపించదు, కదలిక లేదు కాబట్టి మామూలుగా ఉందనుకుంటాం. ఇలాంటివాళ్లను నిటారుగా కూర్చోబెట్టాలి. ఎనిమిది నెలల కింద నేను అతన్ని పడుకోబెట్టి చూశాను. నిజం చెప్పాలంటే మెడ వైపు చూశానో లేదో కూడా గుర్తులేదు.

గట్టిగా ఊపిరి పీల్చమన్నాను. మామూలుగా ఊపిరి పీలిస్తే మెడ సిర తగ్గాలి. ఇతనికి ఇంకా ఉబ్బింది. జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్మావుల్ 1873లో వర్ణించిన గుర్తు ఇది. స్టెత్ పెడితే రెండో శబ్దం తర్వాత వెంటనే, తలుపు మీద వేలితో కొట్టినట్టు ఇంకో శబ్దం. గుండె వేగంగా నిండబోయి గోడకు తగిలి ఆగిపోయే చప్పుడు.

అక్కడే మంచం మీద కూర్చుని పాత కాగితాలన్నీ తీయించాను. అందులో దాదాపు అన్నీ ఉన్నాయి. స్కానింగ్ రిపోర్టు మధ్యలో 'హెపాటిక్ సిరలు (లివర్ సిరలు), ఐవీసీ ఉబ్బి ఉన్నాయి' అని ఉంది. చివర ఇంప్రెషన్‌లో (సారాంశంలో) ఆ మాట లేదు. మనం చదివేది ఇంప్రెషనే. సిర్రోసిస్‌లో లివర్ గట్టిపడి ఆ సిరలు సాధారణంగా సన్నబడతాయి, ఉబ్బవు. పొట్ట నీటి పరీక్షలో ప్రొటీన్ డెసిలీటరుకు 3.8 గ్రాములు. రక్తంలో, నీటిలో అల్బుమిన్ (ఒక రకం ప్రొటీన్) తేడా 1.1 దాటింది. ఈ తేడా 1.1 దాటితే సిరల ఒత్తిడి ఎక్కువని అర్థం. అది సిర్రోసిస్‌లోనూ దాటుతుంది, గుండె జబ్బులోనూ దాటుతుంది. రెంటినీ విడదీసేది ప్రొటీన్: సిర్రోసిస్‌లో ఎక్కువగా 2.5 కంటే తక్కువ, గుండె వల్ల అయితే ఎక్కువ. ఆ పరీక్ష రెండుసార్లు చేయించారు, రెండుసార్లూ ఎవరూ కలిపి చదవలేదు.

ఇంకొకటి. మామూలు హార్ట్ ఫెయిల్యూర్‌లో ముందు కాళ్లు వాస్తాయి, తర్వాత పొట్ట. ఇతనికి ముందు పొట్టే వచ్చింది, కాళ్లవాపు ఇప్పటికీ అంతంత మాత్రమే. గుండె చుట్టూ ఉండే పొర (పెరికార్డియం) బిగిసిన జబ్బులో ఈ తిరకాసు మామూలే. లివర్ జబ్బని పొరబడటానికి అదే కారణం. 1896లోనే ఫ్రీడెల్ పిక్ అనే వైద్యుడు ఈ తికమకకు 'పెరికార్డియం వల్ల వచ్చే దొంగ సిర్రోసిస్' అన్న అర్థంలో పేరు పెట్టాడు.

"టీబీ వచ్చిందా ఎప్పుడైనా?" అని అడిగాను. లేదన్నాడు. పాత కేస్‌షీట్లలోనూ లేదనే ఉంది. ప్రశ్న మార్చాను: "మూత్రం ఎర్రగా వచ్చే మాత్రలు ఆరు నెలలు వాడావా?" భార్య వెంటనే అందుకుంది. పెళ్లికి ముందు, ఊపిరితిత్తి పక్కన నీళ్లు చేరాయని వాడాడట. టీబీ అన్న మాట ఇంట్లో ఎవరూ అనలేదు, పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజులు కదా.

ముందు ఏం ఆపాం

జబ్బు ఖాయం కాకముందే ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది, ప్రొప్రనలాల్ గురించి. గుండె చుట్టూ పొర గట్టి చిప్పలా అయితే ప్రతి స్పందనలో బయటికి వెళ్లే రక్తం ఇంతేనని ఖాయమైపోతుంది. ఇంకా కావాలంటే శరీరానికి ఒకటే దారి, ఎక్కువసార్లు కొట్టుకోవడం. నాడి తొంభై, వంద ఉండటం ఇలాంటి పేషెంట్లో జబ్బు కాదు, అదే అతన్ని నిలబెడుతున్న కర్ర. మనం ఆ కర్ర లాగేశాం. మాత్ర ఆపిన నాలుగో రోజుకు నాడి 92, బీపీ 100కు వచ్చింది, కళ్లు తిరగడం పోయింది. రోగనిర్ధారణ సరైన దారిలో ఉందని నాకు మొదట ధైర్యం ఇచ్చింది ఏ స్కానూ కాదు, ఇదే.

నిర్ధారణ

మొదట ఛాతీ ఎక్స్‌రే, పక్క నుంచి. ఎదురుగా తీసిన పాత ఎక్స్‌రేల్లో గుండె మామూలు సైజులో, ఏమీ లేనట్టే ఉంది. పక్క నుంచి తీసినదాంట్లో గుండె ముందు, కింది అంచుల వెంట సున్నం గీత గీసినట్టు తెల్లగా కనిపించింది. ఈ జబ్బున్న అందరికీ సున్నం కనిపించదు. కనిపించకపోతే జబ్బు లేదనడానికీ లేదు. మాకు అదృష్టం కలిసొచ్చింది.

తర్వాత ఎకో, ఈసారి నేనే. చూడాల్సింది ఏమిటో 1989లో లివ్ హాట్లే అనే కార్డియాలజిస్ట్, ఆమె సహచరులు డాప్లర్‌తో (రక్త ప్రవాహ వేగాన్ని కొలిచే ఎకో పద్ధతితో) చూపించారు. మామూలుగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గుదల గుండె లోపలికీ చేరుతుంది. పొర చిప్పలా ఉంటే గుండెకు అది చేరదు, ఊపిరితిత్తుల సిరలకు మాత్రం చేరుతుంది. దాంతో ఊపిరి పీల్చినప్పుడు ఎడమ వైపుకు వచ్చే రక్తం తగ్గుతుంది. చిప్ప లోపలి చోటు పెరగదు కాబట్టి ఆ తగ్గిన మేరకు కుడి వైపు ఆక్రమిస్తుంది. ఒకే దుప్పటి కింద ఇద్దరు పడుకున్నట్టు: ఒకడు లాక్కుంటే రెండోవాడికి చలి. మధ్య గోడ ఊపిరితో పాటు అటూ ఇటూ ఊగుతుంది.

ఊగడం కనిపించింది. కానీ మైట్రల్ కవాటం దగ్గర ప్రవాహం తేడా 14 శాతమే వచ్చింది. పాఠ్యపుస్తకాలు 25 దాటాలంటాయి. ఇక్కడ జూనియర్లతో చిన్న వాదన. 'కొలత రాలేదు సార్, గుండె కండరమే గట్టిపడ్డ జబ్బేమో' అన్నారు. అనుమానం న్యాయమైనదే. ఆ రెంటినీ విడదీయడమే ఈ రంగంలో పాత తలనొప్పి. కండర జబ్బుకు కత్తితో పని లేదు, పొర జబ్బుకు కత్తే మందు. కానీ గుండెలో ఒత్తిడి మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ఈ తేడా దాగిపోతుంది. కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి మళ్లీ కొలిచాం. 31 శాతం. మెడకు పనికొచ్చిన భంగిమే ఎకోకూ పనికొచ్చింది.

మిగతావీ ఒకే వైపు చూపించాయి. మధ్య గోడ పక్కన కండరం సాగే వేగం సెకనుకు 14 సెంటీమీటర్లు, బయటి గోడ పక్కన 10. మామూలుగా బయటిదే ఎక్కువ ఉండాలి, ఇక్కడ తలకిందులైంది, ఎందుకంటే బయటి గోడను పొర పట్టేసింది. కండర జబ్బు అయితే రెండూ పడిపోయేవి. ఊపిరి వదిలినప్పుడు హెపాటిక్ సిరలో రక్తం వెనక్కి తన్నింది. 2014లో అమెరికాలోని మేయో క్లినిక్ బృందం ఆపరేషన్‌తో రుజువైన కేసులను చూసి ముందు వరుసలో పెట్టిన గుర్తులు ఇవే: గోడ ఊగడం, మధ్య గోడ పక్కన ఆ వేగం 9 లేదా ఎక్కువ ఉండటం, హెపాటిక్ సిరలో ఆ వెనక్కి తన్నడం. ప్రవాహం శాతం ఒక్కటే పట్టుకుని వేలాడి ఉంటే మళ్లీ జారవిడిచేవాళ్లం. గుండె గోడ సాగినప్పుడు రక్తంలో పెరిగే ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ కూడా కొద్దిగానే పెరిగింది. గోడ సాగడానికి చోటే లేనప్పుడు అది పెద్దగా పెరగదు. సీటీలో పొర మందం 7 మిల్లీమీటర్లు, ఉండాల్సింది 2 లోపు.

ఇంత ఉన్నా సర్జన్ క్యాథ్ (గుండె గదుల్లోకి సన్నని గొట్టం పంపి ఒత్తిడి కొలిచే పరీక్ష) అడిగారు. అనవసరం అనిపించింది నాకు. ఆయన మాట వేరు: "ఛాతీ తెరిచాక కండరం కూడా పాడైందని తేలితే పేషెంట్ నా టేబుల్ మీద ఉంటాడు, మీ టేబుల్ మీద కాదు." ఒప్పుకున్నాను. నాలుగు గదుల్లోనూ గుండె సడలినప్పటి ఒత్తిడి దాదాపు ఒకటే, 22, 23 దగ్గర. ఊపిరి పీల్చినప్పుడు కుడి జఠరిక ఒత్తిడి పైకి, ఎడమది కిందికి. కన్‌స్ట్రిక్టివ్ పెరికార్డైటిస్ (గుండె పొర బిగుసుకోవడం) అని అప్పుడు రాశాం, అనుమానం లేకుండా.

పని చేయనివి, చేయకుండా వదిలినవి

ఆపరేషన్ అనగానే ఇంట్లో భయం. మందులతో ఇంకొంచెం చూడండి సార్ అన్నారు. నాకూ కొంత ఆశ ఉంది, ఫ్యూరోసెమైడ్ పెంచి చూశాం. పొట్ట కొంచెం తగ్గింది. పది రోజులకు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1 నుంచి 2.0కు ఎక్కింది, బీపీ మళ్లీ పడింది. చిప్పలో ఇరుక్కున్న గుండెకు ఆ పెరిగిన సిరల ఒత్తిడే రక్తాన్ని లోపలికి తోస్తుంది. నీళ్లు మరీ లాగేస్తే నిండేదే తగ్గుతుంది. పాత మోతాదుకు తిరిగొచ్చాం.

టీబీ మందులు, స్టెరాయిడ్ మళ్లీ వేద్దామా అన్నది అసలైన చర్చ. ఒక జూనియర్ ఐఎమ్‌పీఐ అధ్యయనం పట్టుకొచ్చాడు. దక్షిణాఫ్రికా కార్డియాలజిస్ట్ బొంగాని మయోసి నాయకత్వంలో 8 ఆఫ్రికా దేశాల్లో 1,400 మంది టీబీ పెరికార్డైటిస్ పేషెంట్ల మీద జరిగింది, 2014లో ఫలితాలు వచ్చాయి. ప్రెడ్నిసలోన్ (స్టెరాయిడ్) ఆరు వారాలు ఇస్తే మరణం, గుండె నొక్కుకుపోయి నీళ్లు తీయాల్సి రావడం, పొర బిగుసుకోవడం, ఈ మూడూ కలిపి లెక్కిస్తే తేడా రాలేదు. కానీ పొర బిగుసుకోవడం ఒక్కటే చూస్తే 7.8 శాతం నుంచి 4.4కు తగ్గింది. హెచ్‌ఐవీకి ముడిపడిన క్యాన్సర్లు మాత్రం పెరిగాయి. 'పొర బిగుసుకోకుండా ఆపింది కదా సార్' అన్నాడు. అవును, పొర ఇంకా పచ్చిగా, నీళ్లతో ఉన్న రోజుల్లో. మన పేషెంట్‌కు ఆ రోజులు పెళ్లికి ముందే అయిపోయాయి. సిమెంటు ఆరిపోయాక నీళ్లు చల్లి తాపీ తిప్పితే ఏమొస్తుంది? (ఈ పోలిక పేషెంట్‌కు చెబితే అతనికి నాకంటే బాగా అర్థమైంది.)

కొందరిలో వాపు వల్ల తాత్కాలికంగా బిగుసుకున్న పొర రెండు మూడు నెలల మందులతో వదులవుతుంది. అది వదిలేసి కోతకు వెళ్లడం కూడా తప్పే. అందుకే రక్తంలో వాపును చూపే సీఆర్‌పీ చూశాం, మామూలుగా ఉంది. సున్నం కట్టిన పొర, వాపు గుర్తుల్లేవు, జబ్బు మూడేళ్లది. ఆగి చూడటానికి కారణం దొరకలేదు. టీబీ మందులు పొర ముక్క పరీక్ష వచ్చాకే అనుకున్నాం, ఎందుకంటే నెత్తురు నిలిచి ఇప్పటికే అలిసిన లివర్ మీద ఆ మాత్రల బరువు తేలిక కాదు.

ఇంట్లోవాళ్లు గెలుపు ఎంత అని అడిగారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 2004లో ప్రచురించిన లెక్కల్లో ఏడేళ్లు బతికినవాళ్లు కారణాన్ని బట్టి మారారు: కారణం తెలియని కేసుల్లో 88 శాతం, పాత గుండె ఆపరేషన్ల తర్వాత వచ్చినవాటిలో 66, రేడియేషన్ వల్ల వచ్చినవాటిలో 27. ఇతనిది ఈ మూడిట్లో ఏదీ కాదు. ఆ అంకెలు చెప్పి నమ్మించడం నాకు నచ్చలేదు. కండరం బాగుంది, కిడ్నీలు ఇంకా బాగున్నాయి, ఆలస్యం చేసేకొద్దీ రెండూ చెడతాయి, ఆపరేషన్‌లో ప్రాణం పోయే ప్రమాదం ఉంది అని చెప్పాను. రెండు రోజుల తర్వాత భార్య వచ్చి సంతకం పెట్టింది.

పని చేసింది

ఎదురొమ్ము ఎముక తెరిచి, గుండెకు రెండు పక్కలా దిగే ఫ్రెనిక్ నరాల్లో ఒకదాని నుంచి రెండోదాని దాకా పొర తీశారు. ముందు ఎడమ జఠరికను విడిపించి, తర్వాత కుడి దాన్ని. కుడిది ముందు వదులైతే రక్తం ఒక్కసారిగా ఊపిరితిత్తుల్లోకి పోయి, ఇంకా బిగిసి ఉన్న ఎడమ వైపు దగ్గర ఆగి ఊపిరితిత్తులు నీళ్లతో నిండుతాయి. ఒకచోట సున్నం కండరంలోకి దిగి ఉంది. దాన్ని పెకిలించకుండా చుట్టూ కోసి దీవిలా వదిలేశారు. కుడి వైపు ఒత్తిడి టేబుల్ మీదే 23 నుంచి 11కు దిగింది.

నాకు బాగా టెన్షన్ పెట్టినవి ఆ తర్వాతి నాలుగు రోజులు. ఏళ్ల తరబడి నొక్కుకుపోయిన గుండె వదలగానే పరుగెత్తదు. బీపీ నిలబెట్టడానికి మందులు డ్రిప్‌లో నడిచాయి, మూత్రం తగ్గింది. ఐదో రోజు నుంచి లీటర్లకు లీటర్లు పోశాడు. పొర ముక్కలో మచ్చ కణజాలం, సున్నం ఉన్నాయి, టీబీ గడ్డలు లేవు, టీబీ క్రిమి కోసం చేసే సీబీనాట్ పరీక్ష నెగటివ్. టీబీ మందులు ఇవ్వలేదు.

ఆరు నెలలకు పొట్టలో నీళ్లు లేవు, ఆపరేషన్ తర్వాత ఒక్కసారి కూడా సూది పడలేదు. అల్బుమిన్ 2.6 నుంచి 3.7కు వచ్చింది. ఎకోలో మధ్య గోడ ఊగడం పోయింది. ఫ్యూరోసెమైడ్ అర మాత్ర ఇంకా ఉంది, దాన్ని తీసేయడానికి నేను తొందరపడలేదు. బరువులెత్తే పని వద్దన్నాం, లెవెల్ చూసి పని చేయించే మేస్త్రిగా వెళ్తున్నాడు.

మా వార్డులో మారినవి

పొట్టలో నీళ్లతో వచ్చిన ప్రతి పేషెంట్‌నూ ఇప్పుడు మంచం అంచున కూర్చోబెట్టి మెడ చూస్తాం. నీటి రిపోర్టులో ప్రొటీన్ 2.5 దాటితే, వైద్యుడు అడిగినా అడగకపోయినా, ఊపిరితో పాటు డాప్లర్ చేస్తాం. ఎకో చీటీలో 'పంపింగ్ బాగుంది' అని రాసి ఆగిపోవద్దని, ఐవీసీ ఉబ్బితే ఎందుకో ఒక వాక్యం రాయాలని పెట్టాను. దీంతో ఎకో గదిలో వరుస పెరిగింది, టెక్నీషియన్లకు నా మీద కోపంగా ఉంది. చాలాసార్లు ఏమీ దొరకదు కూడా.

చివరి చెకప్‌కు ఇద్దరూ వచ్చారు. అంతా చూసి పంపబోతుంటే ఆమె లోపల పెట్టుకున్న ప్లాస్టిక్ కవర్ తీసింది. మొదటి ఆస్పత్రి డిశ్చార్జి కాగితం. "సార్, దీంట్లో తాగుడుతో లివర్ ఖరాబైందని రాసిండ్రు. మా అత్తగారింట్ల అందరికీ ఇదే తెలుసు. కొట్టెయ్యరాదా?" అంది. వేరేవాళ్ల కాగితం మీద నేను గీత పెట్టలేను. కొత్త కాగితం తీసుకుని జబ్బు పేరు రాశాను, దాని కింద 'ఇది మద్యం వల్ల వచ్చింది కాదు' అని తెలుగులో రాశాను. ఇంకో వాక్యం కూడా రాశాను: ఫలానా తేదీన ఇదే విభాగం గుండె వైపు ఇబ్బంది లేదని ఇచ్చిన అభిప్రాయం పొరపాటు. సంతకం పెట్టి స్టాంపు వేయించాను. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుని, పాతదాని మీద పెట్టి, అదే కవర్లో మడిచి పెట్టుకుంది.